‘టాడ్రీ’ అను మాట

శివరాత్రికి త్రిపురాంతకము కొండ యెక్కి స్వామిని, దిగువ చెరువులోని బాలాత్రిపురసుందరిని సేవించి మరలువారిలో అంగళ్ల ముందు ఆగనివారు అరుదు. గాజులు, పూసలదండలు, గిల్టు గొలుసులు ఎండలో తళతళలాడుచుండును. ఇట్టి సరకును చూచి మొగము చిట్లించువారు ఇంగ్లీషు చదివినవారైనచో ‘టాడ్రీ’ యందురు. చవుకబారు తళుకు, అభిరుచి లేని ఆర్భాటము అని దాని భావము. ఆ మాట పుట్టినది ఇట్టి తిరునాళ్లలోనే యని వారిలో ఎందరెరుగుదురో!

ఏడవ శతాబ్దమున ఇంగ్లండు తూర్పుసీమలో ఎథెల్‌డ్రీడా అను రాజకుమార్తె యుండెను. ఆమె నార్తంబ్రియాకు రాణియై, పిదప రాజభోగములు విడిచి, 673లో ఈలీ యను చోట మఠము నెలకొల్పి సన్యాసినిగా బ్రదికెను. 679లో కంఠముపై లేచిన వ్రణముతో మరణించెను. పడుచుతనమున మెడనిండ హారములు ధరించి మురిసినందుకే తనకీ బాధ కలిగినదని ఆమె చెప్పుకొనెడిదట. 731 నాటి తన చరిత్రలో బీడ్ అను సన్యాసి ఈ సంగతి వ్రాసెను. జనుల నోట ఆమె సెయింట్ ఆడ్రీ యైనది. అక్టోబరు 17న ఆమె పేర ఈలీలో తిరునాళ్లు జరిగెడివి. అచట అమ్మినవేమి? మెడకు కట్టుకొను పట్టు పట్టీలు! నగలను తలచి నొచ్చుకొన్న తల్లి పేరనే మెడ సింగారములు అమ్మిరి. ‘సెయింట్’ చివరి టకారము ‘ఆడ్రీ’కి అతుకుకొని ‘టాడ్రీ’ యయ్యెను. తొలుత అది మంచి సరకే. షేక్‌స్పియరు ‘వింటర్స్ టేల్’ నాటకమున ఒక పల్లెపడుచు తన ప్రియుని దానినే కోరును. తరువాత చవుక సరకు పెరిగి, పదునేడవ శతాబ్దమున మాట విలువయు దిగజారెను.

మన మాటల నడక వేరు. ‘ఆడంబరము’ సంస్కృతమున ఒక విధమగు భేరి. దాని మ్రోత పెద్దది. ‘ఫటాటోపము’ పాము పడగ విప్పి ఉబ్బుట. అనగా మనవారు గర్హించినది చప్పుడును, బెదిరింపును. అవి కలవారి దోషములు. ‘టాడ్రీ’ మాత్రము లేనివారి మెడలోని దండను వేలెత్తి చూపును. అందుచే అనువాదమున దీనికి ‘ఆడంబర’మని వ్రాయుట మాకు సరిపడదు. ధనికుని పెండ్లి పందిరి ఆడంబరము కావచ్చును; కూలి డబ్బు కూడబెట్టి బిడ్డకు కొన్న పూసలదండ ఆడంబరమెట్లగును?

‘గిల్టు’ కొంత దగ్గరకు వచ్చును. అదియు ఇంగ్లీషు నుండి వచ్చినదే. బంగారుపూత యని అర్థము. అయినను మన ఇండ్లలో స్త్రీలు “ఇది గిల్టుదే” యని నవ్వుచు చెప్పుకొందురు. ఆ నోట అది నింద కాదు. కనుక అదియు పనికిరాదు. ప్రస్తుతము ‘టాడ్రీ’ తగిలినచోట మేము ‘చవుక తళుకు’ అని వ్రాయుచున్నాము. శ్రోతలెవరైన ఇంతకంటె మంచి మాట వ్రాసి పంపినచో సంతోషింతుము.