కాలేజీ ఫీజు ఎవరు కడతారు?



కాలేజీల్లో సీట్లిచ్చే రోజులొస్తే మన హనుమకొండ నయీంనగర్ రోడ్డు మీద నడవడం కష్టమే. ములుగు నుంచి, పరకాల నుంచి, నర్సంపేట నుంచి తల్లులూ తండ్రులూ సర్టిఫికెట్ల సంచీలు పట్టుకొని వస్తారు. 1959లో ఇంజనీరింగు కాలేజీ, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చిన దగ్గర్నుంచి మన వరంగల్ చదువుల ఊరయింది. ఆ వచ్చేవాళ్ళందరి నోటా ఒకటే మాట, "ఫీజు సర్కారు కడుతుంది కదా" అని. ఆ మాట ఎంతవరకు నిజమో, అందులో మనం పడవలసిన జాగ్రత్త ఏమిటో ఈరోజు చెప్పుకొందాం.

మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె ఒకనాడు పని మధ్యలో కూలబడిపోయింది. "అమ్మా, ఫీజు గవర్నమెంటు కడ్తదన్నరు గద! ఇప్పుడు పైసలు కడితెనే సర్టిఫికెట్లు ఇస్తమంటున్నరు. పిల్ల ఏడుస్తంది" అంది. కూతురు డిగ్రీ పాసయింది. బి.ఇడి.లో సీటు వచ్చింది. సర్టిఫికెట్లు చూపడానికి వారమే గడువు. సర్కారు నుంచి డబ్బు రాలేదని కాలేజీవారు వాటిని బీరువాలో పెట్టుకున్నారు. పాపం, చెవుల కమ్మలు తాకట్టు పెట్టి కట్టింది. "రసీదు తీసుకున్నావా?" అని అడిగితే నా మొహంలోకి చూసింది. తీసుకోలేదు!

ఈ సాయం కొత్తదేమీ కాదు. షెడ్యూల్డు కులాల పిల్లలకు పదో తరగతి తరువాతి చదువుకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్పు 1944లోనే మొదలయింది. 2008 ప్రాంతంలో వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు మొత్తం తిరిగి చెల్లించే పథకాన్ని వెనుకబడిన కులాలకు, ఆర్థికంగా వెనుకబడినవారికి కూడా విస్తరించింది. 2014లో తెలంగాణ వచ్చాక కూడా అది కొనసాగింది. కాబట్టి "మాది పై కులం, మాకెందుకిస్తారు" అనుకొనే అక్కలు కూడా ఒకసారి విచారించండి. ఇ.బి.సి. అనే పేరుతో వారిలోని పేదలకూ వృత్తివిద్యల్లో చోటుంది.

అయితే షరతులున్నాయి. పట్నంలో బి.సి., ఇ.బి.సి.లకు ఇంటిల్లిపాది ఆదాయం ఏడాదికి 2 లక్షలు దాటకూడదు. పల్లెల్లో బి.సి., ఇ.బి.సి.లకు లక్షన్నరే. మనం ఇంటి లెక్కలు రాసేవాళ్ళం గదా, 2 లక్షల్ని పన్నెండుతో భాగించండి. నెలకు 16,600 చిల్లర. భర్త జీతం 18,000 అయితే చాలు, గీత దాటినట్టే. హాజరు నూటికి 75 వుండాలి. కన్వీనరు కోటాలో వచ్చిన సీటయి వుండాలి. మేనేజిమెంటు కోటాలో చేరితే పైసా రాదు. ఈ సంగతి చేరిన తరువాత తెలిసి తల పట్టుకొన్న తల్లులున్నారు.

ఇంజనీరింగు సంగతి మరీ ముఖ్యం. ఎస్.సి., ఎస్.టి. పిల్లలకు ఫీజు పూర్తిగా ఇస్తారు. బి.సి. పిల్లలకు ఎంట్రన్సులో 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు. ఆ పైన ర్యాంకయితే సాధారణంగా ఏళ్ళ తరబడి నడుస్తున్న లెక్క 35,000 రూపాయలు. కాలేజీ ఫీజు లక్ష అనుకోండి, మిగతా 65,000 మనమే కట్టాలి. నాలుగేళ్ళకు 2,60,000! కాలేజీ పేరు రాసే ముందే ఈ లెక్క వేసుకోవాలి. వడ్డేపల్లిలోని పింగిళి ప్రభుత్వ మహిళా కళాశాల లాంటివాటిని తక్కువగా చూడకండి. ఫీజు తక్కువయితే బాకీ భయమూ తక్కువే.

దరఖాస్తు ఈ-పాస్‌లో పెట్టాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీ-సేవలో ముందే తీసుకోండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో పేరు ఒకటే వుందా అని అక్షరం అక్షరం చూడండి. ఒక్క అక్షరం తేడాతో ఆగిపోయినవి ఎన్నో! ఆధార్ నంబరు బ్యాంకు ఖాతాకు కలిపారో లేదో అడగండి. తరువాత పిల్ల స్వయంగా వెళ్ళి వేలిముద్ర వేయాలి. ఇదంతా ఒక్కసారితో తీరదు, ఏటేటా రెన్యువల్ చేయించాలి. రెండో ఏట మరచిపోతే నష్టపోతాం.

అన్నీ సరిగ్గా చేసినా డబ్బు ఆలస్యం కావచ్చు. 2025 నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు కొన్ని రోజులు మూసేశారు కూడా. యాజమాన్యాల బాధ వారిది, లెక్చరర్లకు జీతాలివ్వాలి గదా. కాని ఆ తగాదా సర్కారుకూ కాలేజీకీ మధ్యది. పిల్ల సర్టిఫికెట్లు అందుకు తాకట్టు కారాదు. కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని 2018లోనే యు.జి.సి. ప్రకటించింది. ఆ మాట మర్యాదగా, కాగితం మీద రాసి అడగండి. తప్పనిసరై కట్టవలసి వస్తే రసీదు లేకుండా బయటికి రాకండి. సర్కారు డబ్బు వచ్చినప్పుడు మనది మనకు తిరిగి రావాలంటే ఆ చీటీయే సాక్ష్యం.

మా ఇంటి ఆమెను మర్నాడే మళ్ళీ పంపాను. కూతురు పట్టుబట్టి రసీదు రాయించుకొంది. కొన్ని నెలలకు సర్కారు డబ్బు వచ్చింది, రసీదు చూపితే కట్టినది తిరిగి ఇచ్చారు. కమ్మలు విడిపించింది. వడ్డీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు!

నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని. ఇలాంటి సాయం వుంటుందని ఆనాడు మా అమ్మకు చెప్పినవాళ్ళు లేరు. అందుకే మీకొక విన్నపం. మధ్యాహ్నం వంట సర్దుకొన్నాక మీ ఇంట్లో పనిచేసే ఆమెను, ఇస్త్రీ చేసే ఆమెను ఒక్క మాట అడగండి, "పిల్ల ఫారం వేసిందా? రెన్యువల్ అయిందా?" అని. ఆ కాగితాలు ఒకసారి చదివి పెట్టండి. పావుగంట పని. ఆ పావుగంటతో ఒక పిల్ల చదువు ఆగకుండా సాగవచ్చు.