చలికి జాకెట్ ఉంది, మరి చీకటికి?

చికాగో వెళ్లే మనవాళ్లు చలికి జాకెట్ కొంటారు, చీకటిని మాత్రం లెక్కలోకి తీసుకోరు. అక్కడ డిసెంబర్‌లో సాయంత్రం 4:20కే పొద్దు గూకుతుంది. క్లాసు, రూము, ఫోను... మెల్లగా మనిషి డల్ అయిపోతాడు.

అక్కడ రెండు చలికాలాలు గడిపాక నేను చెప్పేది ఒకటే: వెలుతురుని వదలొద్దు. మధ్యాహ్నం 20 నిమిషాలు బయట నడవండి. మబ్బు పట్టినా, బయటి వెలుతురు గదిలో లైటు కన్నా చాలా రెట్లు ఎక్కువ. లోపల కాటన్ బనీను వద్దు, చెమట పీల్చి తడిగానే ఉంటుంది, థర్మల్స్ వేసుకోండి. వారానికోసారి నలుగురూ కలిసి వండుకుని తినండి.

రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే అది డిప్రెషన్ కావచ్చు, యూనివర్సిటీ కౌన్సెలర్‌ని కలవండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అమ్మకి వీడియో కాల్‌లో "బాగున్నా" అని చెప్పడం కాదు, నిజంగా బాగుండాలి కదా!