క్లచ్ విడవకపోతే ముందు వైరు చూద్దాం

పాలకనీ, కూరగాయలకనీ మనలో చాలామందిమి బైకులు నడుపుతున్నాం. క్లచ్ పట్టినా ఫస్ట్ గేర్లో బండి ముందుకు జరుగుతోందా? న్యూట్రల్ పడటం లేదా? అంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. అలా నడిపితే సెంటర్లో ఎవరినైనా గుద్దుతాం.

వెంటనే ప్లేట్లు మార్పించవద్దు, దానికి ఇంజన్ పక్కభాగం విప్పాలి, ఖర్చెక్కువ. ముందు ఇంజన్ ఆపి లివర్ చివర కదిపి చూద్దాం. బిగువు తగిలేలోపు 1 నుంచి 2 సెంటీమీటర్లు ఆడాలి. ఎక్కువ ఆడితే అడ్జస్టర్ బిగిస్తే చాలు. అసలు ఆడకుండా బిగిస్తే మాత్రం ప్లేట్లు జారి అరిగిపోతాయి. వైరు పోగులు తెగి ఉంటే వైరే మార్చాలి. అదీ బాగుంటే ఇంజన్ ఆయిల్ ఎక్కువైందా, పాడైందా చూపించాలి. ప్లేట్ల సంగతి ఆ తరువాతే.

షెడ్డులో మెకానిక్‌ను ఈ వరుసలోనే అడుగుదాం. మిగిలిన డబ్బు ఆ నెల లోను కిస్తీకి పనికొస్తుంది.