పలువురు కలసి వ్రాసిన డ్రైవర్
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏ పాఠశాల బీరువాలోనైనా పాత అడ్మిషన్ రిజిస్టరు ఒకటి ఉంటుంది. ఎన్నో ఏళ్ళ తరువాత పూర్వవిద్యార్థి ఒకరు వచ్చి పుట్టినతేదీకి ధ్రువపత్రం కోరితే, అందులో చూసే వ్రాసి ఇస్తారు. నాడు సిరాతో వ్రాసిన గుమాస్తా ఎవరో ఎవరికీ జ్ఞాపకం ఉండదు. ఆయన సరిగా వ్రాశాడన్న నమ్మకమే ఆ పుటకు విలువ. కంప్యూటరులో అటువంటి గుమాస్తాగిరీ చేసేది స్టోరేజ్ డ్రైవర్ అనే ప్రోగ్రాము. డ్రైవర్ అనగానే వెనుక వరుసలోని పిల్లలకు బస్సు గుర్తుకు రావచ్చును. ఇది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గర్భం వంటి కెర్నెల్‌లో ఉండి, డిస్కుకు అర్థమయ్యే భాషలో ఆజ్ఞలు అందించేది.

తెర మీద బొమ్మ వంకరపోతే వెంటనే కంటికి కనబడుతుంది. డిస్కు మీద అక్షరం తప్పుచోట పడితే ఆరు నెలలకు గాని తెలియకపోవచ్చును. మరొక చిక్కు కూడా ఉన్నది. అనేక డిస్కులు సమాచారాన్ని మొదట తమలోని తాత్కాలిక జ్ఞాపకశక్తిలో ఉంచుకొని, అప్పుడే “అయినది” అని బదులిస్తాయి. ఆ క్షణంలో కరెంటు పోతే అయినదేమీ లేదు. అందుచేత “ఉన్నదంతా శాశ్వత స్థానంలో వ్రాయి” అనే ఆజ్ఞను కెర్నెల్ వేరుగా పంపవలసి ఉంటుంది. డిస్కు దానికి జవాబిచ్చే వరకు డ్రైవర్ కూడా “అయినది” అనకూడదు.

1991 ఆగస్టులో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తన కెర్నెల్ సంగతిని లోకానికి తెలిపినప్పుడు, తన వద్ద ఉన్న రకం హార్డ్ డిస్కు తప్ప మరొకటి అందులో బహుశా ఎన్నటికీ పనిచేయదని చెప్పుకొన్నారు. ఆ లినక్స్ మూలాన్ని ఎవరైనా చదివి దిద్దే వీలు ఉన్నందువల్ల ఆ మాట నిలువలేదు.

2011 మార్చిలో ఎన్‌విఎంఇ అనే కొత్త ప్రమాణం వెలువడినది. అంతకు ముందరి సాటా డిస్కుల సాధారణ పద్ధతిలో ఆజ్ఞలకు ఒకే వరుస, అందులో 32 ఆజ్ఞలకే చోటు. రేషను దుకాణంలో ఒకే కిటికీ ఉన్నట్లు. కొత్త ప్రమాణం దాదాపు 65 వేల వరుసలకు వీలు కల్పించినది. ఇంటెల్‌లో పనిచేస్తున్న మాథ్యూ విల్కాక్స్ దీనికి డ్రైవర్ వ్రాయగా, అది 2012లో లినక్స్ 3.3లో చేరినది. అయితే కెర్నెల్‌లోని పాత ఏర్పాటులో డిస్కు ఒక్కింటికి ఒకే వరుస, దానికి ఒకే తాళం. ఎన్ని ప్రాసెసర్లున్నా అన్నీ ఆ తాళం వద్ద నిలబడవలసిందే. అందుకని ఈ డ్రైవర్ ఆ దారిని తప్పించుకొని పోయినది. వేగం దక్కినది గాని, ఏ ఆజ్ఞకు జవాబు వచ్చినది, దేనికి గడువు మించినది అన్న లెక్కలన్నీ తానే మోయవలసి వచ్చినది.

మూలాన్నే బాగుచేయాలని మరికొందరు తలచారు. జెన్స్ ఆక్స్‌బో, కోపెన్‌హేగన్ ఐటి విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి మాటియాస్ బ్యోర్లింగ్ ప్రభృతులు 2013లో పలు వరుసల పద్ధతిని వివరిస్తూ ఒక పత్రం ప్రకటించారు. ఆ పద్ధతి 2014 జనవరిలో లినక్స్ 3.13లోకి వచ్చినది. ఎన్‌విఎంఇ డ్రైవర్‌ను దానికి మార్చే పనిని బ్యోర్లింగ్ చేపట్టి అనేక పర్యాయాలు తిరగవ్రాశారు. ప్రతిసారీ ఇతరులు లోపాలు చూపడం, ఆయన దిద్దడం. 2015లో అది లినక్స్ 3.19తో వెలువడినది. డ్రైవర్ సొంతంగా మోసిన లెక్కలు చాలావరకు తొలగిపోయాయి. పనిచేస్తున్న డ్రైవర్‌ను విప్పనివ్వడం దాని కర్తలకు సులభం కాదు. అయినా ఆ మార్పును స్వీకరించారు, చేయి కలిపారు.

లినక్స్‌లో చేరే ప్రతి మార్పు కింద దానిని పంపినవారి పేరు ఉండవలెను. ఇది 2004 నుండి నియమం. ఈ మార్పును ఇచ్చే హక్కు తనకున్నదని ఆ సంతకానికి అర్థం. పరిశీలించినవారు, పరీక్షించినవారు కూడా తమ పేర్లు చేర్చవచ్చును. ఒకరినొకరు ఎన్నడూ చూడనివారి నడుమ ఇంతకంటె మంచి పూచీ మరొకటి కనిపించదు.

ఈ పరిశీలన సదా మృదువుగా సాగినదని చెప్పలేము. దోషం చూపే పేరుతో మనిషినే గాయపరచిన సందర్భాలున్నాయి. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ తన పరుష వాక్కులకు స్వయంగా క్షమాపణ చెప్పి కొంతకాలం పక్కకు తప్పుకొన్నారు. ఎర్రసిరా కలం చేతపట్టేవారికి ఈ సంగతి వేరుగా వివరించనక్కరలేదు.

ప్రోగ్రాము వ్రాయడం రానివారికి కూడా ఇందులో పాలున్నది. 2017లో లినక్స్ 4.11తో, పని లేనప్పుడు ఎన్‌విఎంఇ డిస్కు తనంతట తాను నిద్రించి విద్యుత్తు ఆదా చేసే సదుపాయం వచ్చినది. కొన్ని డిస్కులు గాఢనిద్రలోకి జారి తిరిగి లేవలేదు. వాటి యజమానులు తమ యంత్రం పేరు, డిస్కు రకం, ఏ సమయంలో ఆగినదో ఓపికగా వ్రాసి పంపారు. ఆ వివరాలను బట్టి, ఫలానా రకం డిస్కును అంత గాఢంగా నిద్రపుచ్చవద్దని డ్రైవర్‌లోని పట్టికలో ఒక్కొక్క పంక్తి చేరినది. డిస్కు సంఖ్య, దాని పక్కన దానిని ఏమి అడగకూడదో ఆ సూచన. ఆ పట్టిక అప్పటి నుండి పెరుగుతూనే వచ్చినది.