సెన్సారు కొనేముందు వైరు కదిపి చూడండి

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అమెరికా విశేషాలు చెప్పమన్నారు. వర్క్‌షాపులో పనిచేసినవాణ్ణి గనుక నా నోట బండి సంగతే వస్తుంది, మన్నించాలి.

డాలస్‌లో మా అల్లుడుగారికి 1995 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ఉంది. మా అమ్మాయి పిల్లల్ని బడికి తీసుకెళ్లేది అందులోనే. స్పీడోమీటరు ముల్లు ఊగడం, ఒక్కోసారి సున్నాకు పడిపోవడం, ఏబీఎస్ దీపం వెలగడం, గేర్లు కుదుపుతో మారడం మొదలైంది. అక్కడి షెడ్డువారు గేర్‌బాక్సు విప్పాలన్నారు. "ఆ ఖర్చు పెట్టేకంటే అమ్మేయడం మేలు మామయ్యగారూ" అన్నాడు అల్లుడు. ముందు చూద్దాం ఉండమన్నాను.

మన పాత జీపుల్లో గేర్‌బాక్సు నుంచి మీటరుకు కేబుల్ ఉండేది. అది తెగితే ముల్లు పడుకునేది, అంతే. ఈ బండిలో కేబుల్ లేదు. వెనక డిఫరెన్షియల్ మీద చిన్న సెన్సారు ఉంటుంది. లోపల అయస్కాంతం, తీగచుట్ట. క్రౌన్ వీల్‌తో పాటు తిరిగే పళ్ల రింగు దాని ముందు నుంచి పోతుంటే కొద్దిపాటి ఏసీ కరెంటు పుడుతుంది. ఆ సిగ్నలే మీటరుకు, వెనక చక్రాల ఏబీఎస్‌కు, గేర్లు మార్చే కంప్యూటరుకు ఆధారం. ముల్లు ఒక్కటే ఆడితే డాష్‌బోర్డులో వెతకవచ్చు. మూడూ కలిసి చెడితే మూలాన్నే అనుమానించాలి.

ఇంజను ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, సెన్సారు చుట్టూ మట్టి శుభ్రంగా తుడిచాను. తుడవకుండా లాగితే ఆ మట్టంతా డిఫరెన్షియల్‌లోకే పోతుంది. కుర్రాళ్లు ఇక్కడే తొందరపడతారు. ఒక్క బోల్టు విప్పితే సెన్సారు బయటికొచ్చింది. కొనకు మెత్తటి ఇనుపపొడి అంటుకుని ఉంది. వయసు మళ్లిన బండికి అది మామూలే, తుడిస్తే చాలు. పొడి కాక ముక్కలే కనబడితే మాత్రం పళ్లు విరిగినట్టు, బండి కదపకూడదు.

మల్టీమీటరు పెడితే సుమారు 1,400 ఓములు చూపింది. వెయ్యి నుంచి రెండున్నర వేల దాకా ఉంటే తీగచుట్ట తెగలేదన్నట్టే. మరి సెన్సారు బాగుంటే ముల్లు ఎందుకు పడుతోంది? ఈసారి సెన్సారు బిగించి కనెక్టరు తగిలించి, వైరు రెండో కొస దగ్గర మీటరు పెట్టి, మధ్యలో వైరు కదిపాను. రీడింగు మాయమైంది! కనెక్టరుకు జానెడు దూరంలో పైతొడుగు పగిలి, లోపలి రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది.

పాడైనంత మేర కత్తిరించి, కొత్త ముక్క టంకం వేసి, తొడుగు ఎక్కించాం. దీపం ఆరింది. గేర్లు మెత్తగా పడుతున్నాయి. గేర్‌బాక్సు జోలికి పోలేదు, సెన్సారూ కొనలేదు.