బాండు రద్దయితే అప్పీలు: గడువు మరవకండి



కొట్లాట కేసుల్లో తప్పు రుజువైనా, 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం కింద సత్ప్రవర్తన బాండు రాసి జైలు తప్పించుకున్నవారు మనలో ఉన్నారు. షోలాపురంలోనే ఉంటామని రాసిచ్చి, పని దొరక్క, ప్రొబేషన్ అధికారికి చెప్పకుండా భివండి సాంచెల మీదికి పోతే షరతు తప్పినట్టే. అయినా మన మాట వినకుండా శిక్ష వేయరాదు. సమన్లు అందితే హాజరై కారణం చెప్పుకోవాలి. మొదటిసారైతే 50 రూపాయలకు మించని జరిమానాతో బాండు కొనసాగించే అధికారం కోర్టుకుంది.

మేజిస్ట్రేటు జైలుశిక్ష వేస్తే 30 రోజుల్లో సెషన్స్ కోర్టులో అప్పీలు వేయాలి. తీర్పు నకలు జతచేయాలి. జైలుశిక్ష పడినవారికి అది ఉచితం. నకలు తయారీకి పట్టిన రోజులు గడువులో లెక్కకు రావు. అప్పీలు వేసినంత మాత్రాన శిక్ష ఆగదు. నిలుపుదల, బెయిలు విడిగా అడగాలి. జైల్లో ఉన్నవారు జైలు అధికారి ద్వారా అప్పీలు పంపవచ్చు. వకీలును పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయసేవల సంస్థను అడుగుదాం.

బాండు నిలిస్తే, ఆ నేర నిర్ధారణ వల్ల చట్టప్రకారం వచ్చే అనర్హత మనకు అంటదు. పాత నేరానికి శిక్ష పడితే ఆ రక్షణ పోతుంది. కనుక మరాఠీ కాగితం అర్థం కాలేదని పెట్టెలో దాచకండి. అందిన రోజే యూనియన్ ఆఫీసుకు తెండి, కలిసి చదువుకుందాం.