మోటారు సైకిలు లోపలి గొలుసు చప్పుడు



మన పల్లెలలో బుల్లెట్టు బండి యున్న యిండ్లు తక్కువ కావు. 1955లో మద్రాసు మోటార్సు వారును, ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డు వారును కలసి ఎన్‌ఫీల్డ్ ఇండియా యను సంస్థను నెలకొల్పిరి. మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరు కార్ఖానానుండి వెలువడిన ఆ పోత యినుప సిలిండరు బండ్లు అర్ధశతాబ్దము పైబడి పెద్ద మార్పు లేక తయారైనవి. తండ్రి కొన్న బండిని నేడు కొడుకో మనుమడో తోలుచున్నాడు. తోలువాడు పడుచువాడే గాని, మరమ్మతు చీటీ వచ్చినప్పుడు మొలలోని సంచి విప్పవలసినవారు పెద్దలు. కావున నేటి ప్రసంగము ముఖ్యముగా పెద్దల నుద్దేశించినది.

ఈ బండ్లకు ఎడమ ప్రక్కనుండి ఒకానొక చప్పుడు పట్టుకొనును. మెకానిక్కు గొలుసు బిగించును. పది దినములు తగ్గినట్లుండి మరల మొదలగును. మరల బిగించును. తుదకు గొలుసే మార్చును. అయినను చప్పుడు పోదు. అప్పుడు "క్రాంకు పోయినది, ఇంజను విప్పవలె" నను మాట వచ్చును. ఇంజను విప్పుటయన్న నెంత వ్యయమో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఆ మాటకు ఒప్పుకొనుటకు ముందు తెలిసికొనదగిన సంగతులు కొన్ని కలవు.

వెనుక చక్రమునకు పోవు గొలుసు మనకు కంటికి కనబడునది. దానికంటె ముందు మఱియొక గొలుసు కలదు. ఇంజను ఇరుసు కొనపై 25 పండ్ల చక్రమొకటి, క్లచ్ డ్రమ్ముపై 56 పండ్ల చక్రమొకటి యుండును. ఈ రెంటిని రెండు వరుసల గొలుసు కలుపును. ఇంజను ఇంచుమించు రెండుంబావు చుట్లు తిరిగిన క్లచ్ ఒక చుట్టు తిరుగును. ఇదంతయు ఎడమ ప్రక్కనున్న అల్యూమినియపు పెట్టెలో నూనెయందు మునిగియుండును. ఆ పెట్టెలోనే ఇంజను ఇరుసు చివర రోటారు అను అయస్కాంతపు దిమ్మ తిరుగుచుండును. దాని చుట్టు తీగచుట్టలు గల స్టేటరు కదలక నిలిచియుండును. బండికి విద్యుత్తు పుట్టునది ఇచ్చటనే. అనగా నొక చిన్న పెట్టెలో గొలుసు, క్లచ్, డైనమో మూడును కాపురమున్నవి. చప్పుడు వచ్చినంతనే గొలుసునే దోషిగా నెంచుట న్యాయము కాదు.

ఇంకొక విషయము. ఇది ఒంటి సిలిండరు ఇంజను. ఇరుసు రెండు చుట్లు తిరిగిన గాని ఒక్కసారి మంట అందదు. మంట అందినప్పుడు గొలుసు బిగువగును. తక్కిన కాలమున వదులగును. బండి నిలిచి మెల్లగా కొట్టుకొనుచున్నప్పుడు ఈ లాగుట వదలుట మిక్కిలి తీవ్రముగా నుండును. బుల్లెట్టు బండి మరీ నిదానముగా, లెక్కపెట్టదగినట్లు కొట్టుకొనుట గొప్పయని మన కుఱ్ఱవాండ్ర భావము. ఆ సొగసునకై ఐడిలింగు మరీ తగ్గింతురు. అంత నిదానములో క్రొత్త గొలుసైనను గలగల లాడకుండునా? కార్బురేటరు మరను కొంచెము త్రిప్పి వేగము పెంచిన చప్పుడు మాయమగునేమో మొదట చూడవలెను. మాయమైనచో ఆ మట్టునకు ఏ పానా అక్కఱలేదు.

అట్లు పోనిచో పరీక్ష చేయవలెను. ఇందులకు కావలసినది పొడవైన స్క్రూడ్రైవరొక్కటే. బండి వేడెక్కిన పిమ్మట స్టాండుపై నిలిపి, స్క్రూడ్రైవరు మొనను పెట్టె మీద నానించి, పిడిని చెవి గూటికి చేర్చి వినవలెను. వైద్యుడు గుండె వినునట్లే ఇదియు. పెట్టె ముందుభాగమున పెద్దగా వినవచ్చినచో ఇంజను చక్రము, రోటారు వైపు. వెనుకభాగమున వినవచ్చినచో క్లచ్ వైపు. చల్లని ఇంజనులో వినబడి వేడెక్కగానే తగ్గునది పిస్టను చప్పుడు కావచ్చును. కుడి ప్రక్క వినబడునది టాపెట్లదో, వాని నడపు పండ్లచక్రములదో యగును. వీనికిని మన పెట్టెకును సంబంధము లేదు.

ఇక క్లచ్ పట్టి చూచుట. ఈ పరీక్షకు నేనెక్కువ విలువనిత్తును. ఏల యనగా ఏమియు విప్పకయే లోపలి గుట్టు చాలవఱకు బయటపెట్టును. న్యూట్రలులో బండి కొట్టుకొనుచున్నప్పుడు క్లచ్ డ్రమ్మును, దాని నడుమనున్న హబ్బును, గేరుబాక్సు లోపలి ముఖ్యపు ఇరుసును ఒక్కటిగా తిరుగుచుండును. క్లచ్ పట్టి మొదటి గేరు వేసి, బ్రేకు నొక్కి నిలిపినచో డ్రమ్ము మాత్రము ఇంజనుతోబాటు తిరుగును. హబ్బు, గేరుబాక్సు ఇరుసు నిలిచిపోవును. న్యూట్రలులో లేని గరగర క్లచ్ పట్టినప్పుడే పుట్టినచో డ్రమ్ము బేరింగు అరిగినదనియో, క్లచ్చును నెట్టు కడ్డీ చోట లోపమున్నదనియో గ్రహింపవలెను. న్యూట్రలులో నుండి క్లచ్ పట్టగానే పోవునది గేరుబాక్సు బేరింగుది గాని, డ్రమ్ము గాడులలో ప్లేట్లు కొట్టుకొనుటవలనిది గాని యగును. రెండు పట్టులందును మార్పు లేక వినబడునది గొలుసు, ఇంజను చక్రము, రోటారు, వీనిలో నొకదానిది.

ప్లేట్ల సంగతి కొంచెము వివరించెదను. క్లచ్ ప్లేట్ల చెవులు డ్రమ్ము గాడులలో నుండును. ఏండ్ల తరబడి కొట్టుకొని కొట్టుకొని చెవులు గాడి అంచులలో గుంటలు పెట్టును. అప్పుడు నిదానములో గలగల పుట్టి, వేగమందుకొనగానే అణగిపోవును. వదులు గొలుసు కూడ నిట్లే చేయును. రెంటికిని చెవికి భేదము తెలియుట కష్టము. అందుచేతనే గొలుసు బిగించినను చప్పుడు పోకున్నదని తెలిసిన తోడనే డ్రమ్ము గాడులు చూడుమని అడుగవలెను.

చప్పుడు బయటనుండి వినుట ముగిసినది గనుక పెట్టె విప్పుటకు వత్తము. కుడికాలి గేరు గల పాత బండ్లలో ఎడమ ఫుట్‌రెస్టును, బ్రేకు పెడలును తొలగింపవలెను. క్రింద వెడల్పు పళ్ళెముంచి నూనె పట్టవలెను. కవరు నడుమ నొక్కటే పెద్ద నట్టు. అది విప్పిన కవరు చేతికి వచ్చును. ఆ నూనెను పాఱబోయుటకు తొందరపడరాదు. దానిని పలుచని గుడ్డలో వడగట్టి, మిగిలిన మడ్డిలో అయస్కాంతపు ముక్కను త్రిప్పవలెను. అంటుకొను మెఱుపు రజను ఇనుపది. గొలుసో, పండ్లో, బేరింగో అరుగుచున్నదనుటకు గుర్తు. అంటుకొనని తెల్లని రజను అల్యూమినియము. వదులైన గొలుసు పెట్టె గోడను కోయుచున్నదన్న మాట. పెట్టె లోపలి గోడపై కోసిన చార కనబడును. నూనె చాలినంత లేకుండుట కూడ చప్పుడునకు కారణమే. ఇంజను నూనె వేఱు, ఈ పెట్టె నూనె వేఱు. ఇంజనులో నిండుగా పోసితిమని ఊరకుండి, ఈ పెట్టెను ఎండబెట్టిన వారు పెక్కుమంది కలరు.

ఇప్పుడు గొలుసు. ఆనాటి ఆంగ్ల బండ్లలో పెక్కింట గేరుబాక్సును వెనుకకు జరిపి ఈ గొలుసును బిగింతురు. బుల్లెట్టులో గేరుబాక్సు ఇంజను వెనుకనే బోల్టులతో బిగింపబడి కదలదు. గొలుసు క్రింద వంపు తిరిగిన బద్ద యొకటి యుండును. దాని మరను త్రిప్పిన బద్ద పైకి లేచి గొలుసును నొక్కును. ఎంత బిగింపవలెను? పై వరుస నడుమ వ్రేలితో ఎత్తి దింపిన పావు అంగుళము, అనగా 6 మిల్లీమీటర్లు ఆడవలెను. ఈ కొలతను ఏ చోట చూడవలెనన్నదే అసలు విషయము.

అరిగిన గొలుసు అంతటను సమముగా అరుగదు. ఒకచోట వదులుగాను ఒకచోట బిగువుగాను ఉండును. కావున స్పార్కు ప్లగ్గు తీసి, బండిని నడిమి స్టాండుపై నిలిపి, నాలుగవ గేరు వేసి, వెనుక చక్రమును చేతితో మెల్లగా త్రిప్పుచు, గొలుసు అన్నిటికంటె బిగువుగా నుండు చోటును వెదకవలెను. ఒక్క చుట్టు చాలదు, పలుమారులు త్రిప్పవలెను. ఆ బిగువు చోట పావు అంగుళముండవలెను. మెకానిక్కు తొందరలో వదులు చోట కొలిచి బిగించినచో, బిగువు చోటికి వచ్చునప్పటికి గొలుసు వీణతీగ యగును. అప్పుడు గలగల పోయి, వేగముతోబాటు హెచ్చు "గుయ్" మను కూత మొదలగును. చప్పుడు మారినది, తగ్గినదని సంతోషపడుదుము. నిజమునకు ఆ బిగువంతయు ఇంజను ఇరుసు బేరింగు మీదను, గేరుబాక్సు ఇరుసు బేరింగు మీదను పడుచున్నది. వదులు గొలుసు చప్పుడు చేసి చెప్పును. బిగువు గొలుసు చెప్పకయే చెఱచును. రెంటిలో నేదో యొకటి తప్పదనిన నేను కొంచెము వదులునకే ఒప్పుకొందును.

బిగువు చోటికిని వదులు చోటికిని భేదము మిక్కుటముగా నున్నచో గొలుసు పని ముగిసినది. పెద్ద చక్రము వెనుకవైపున గొలుసును వ్రేళ్ళతో బయటికి లాగినప్పుడు పంటి మీదినుండి లేచి వచ్చినను అంతే. అట్టి గొలుసుతో దూరపు ప్రయాణము చేయరాదు. వేగములో తెగిన గొలుసు చక్రమునకును పెట్టెకును నడుమ ఇఱుకుకొని అల్యూమినియమును పగులగొట్టవచ్చును. చక్రము బిగిసి మనిషిని పడవేయవచ్చును. క్రొత్త గొలుసు వేయునప్పుడు పండ్ల మొనలు కొక్కెములవలె వంగియున్నచో చక్రములను గూడ మార్చవలెను. అరిగిన పండ్లపై క్రొత్త గొలుసు వేయుట, వంకర ఇరుసునకు క్రొత్త బండిచక్రము తొడుగుటవంటిది.

గొలుసు బాగున్నను ఊరకుండరాదు. డ్రమ్ము అంచును రెండు చేతులతో పట్టి ఇటునటు ఊపవలెను. కొంచెము ఆడుట సహజము. టకటక మని తూగినచో బేరింగు అరిగినది, లేక నడిమి నట్టు వదులైనది. నట్టు వాషరు రెక్క మడిచి యున్నదో లేదో చూడవలెను. క్లచ్ పట్టినప్పుడు పై ప్లేటు వంకరగా లేచుచున్నచో స్ప్రింగులు సమముగా లేవు.

చివరకు రోటారు. నేనింతసేపును దీని కొఱకే వచ్చుచున్నాననవచ్చును. నేనెఱిగిన ఒక రైతు బండికి లోతైన "టక్, టక్" మను దెబ్బ పట్టుకొనెను. రెండుమారులు గొలుసు మార్పించెను. పట్టణములోని ఒక షాపువారు కనెక్టింగు రాడ్డు పోయినదని, ఇంజను దింపవలెనని తేల్చిరి. ఆతడు ఆ సంవత్సరపు మిరప డబ్బు చేతికి వచ్చు వఱకు ఆగుదునని బండిని ఇంటికి తెచ్చుకొనెను. అంతలో పొరుగూరి ముసలి మెకానిక్కొకడు ఎడమ కవరు విప్పి, రోటారును పట్టి త్రిప్పగా నది ఇరుసుపై కొంచెము ఆడెను. దాని నట్టు వదులైనది. ఇరుసునకును రోటారునకును నడుమ నుండు కీ యను చిన్న యినుపముక్క నలిగిపోయినది. కొత్త కీ వేసి నట్టు బిగింపగా దెబ్బ ఆగెను. మిరప డబ్బు మిరప డబ్బుగనే యుండెను.

ఇది వింత కాదు. వదులైన రోటారు దెబ్బయు, కనెక్టింగు రాడ్డు దెబ్బయు పండిన చెవికి సైతము ఒక్కటే యని తోచును. కనుక ఇంజను దింపుమను మాట వచ్చినప్పుడు "రోటారు నట్టు చూచితివా, నాయనా?" యని మెల్లగా అడుగుడు. అడిగినంత మాత్రమున మంచి మెకానిక్కు కోపగించుకొనడు. నట్టు గట్టిగానే యున్నచో రోటారు చుట్టును పలుచని కార్డు ముక్కను పోనిచ్చి చూడవలెను. స్టేటరునకు దానికి నడుమ అంగుళములో వేయింట 8 వంతులు, అనగా 0.2 మిల్లీమీటరు సందు అంతటను ఉండవలెను. ఒకచోట కార్డు పట్టక, అచ్చట మెఱుగు తేలియున్నచో గర్రుమను రాపిడి అక్కడిదే. ఇవన్నియు సరిగానున్నను ఆ లోతు దెబ్బ నిలిచినప్పుడు మాత్రము ఇంజను విప్పుట తప్పదు. అప్పుడు ఆలస్యము చేయుట కూడ మంచిది కాదు.

కవరు మరల పెట్టునప్పుడు చుట్టు రబ్బరు వాషరు ఎండి పగిలియున్నచో మార్చవలెను. నూనె కాఱునను భయముతో నట్టును బలముకొలది బిగించినచో కవరు వంగి, ముందుకంటె ఎక్కువ కాఱును. పళ్ళెములోని పాత నూనె పోయక క్రొత్త నూనె పోయవలెను. మట్టపు మర విప్పి, అచ్చటినుండి పొరలువఱకే పోయవలెను. కొంతదూరము తోలి, ఆ రాత్రి బండి క్రింద పాత వార్తాపత్రిక పఱచి, తెల్లవాఱిన పిమ్మట మరక పడినదేమో చూచుకొనుడు.